ల్యాప్‌టాప్ అమెరికా నుంచి తెప్పించుకోవాలా, ఇక్కడే కొనాలా?

అమెరికాలో ఉన్న కొడుకో, కోడలో, మేనల్లుడో సెలవులకు వస్తున్నారని తెలియగానే, వారి చేత ఒక ల్యాప్‌టాప్ తెప్పించుకుంటే ఎంత కలిసివస్తుందన్న లెక్క చాలా తెలుగు ఇళ్లలో మొదలవుతుంది. అక్కడ ఎలక్ట్రానిక్ వస్తువులు చవక అన్న నమ్మకం ఈనాటిది కాదు. కంప్యూటర్లపై భారీ సుంకాలుండి, ఇక్కడి దుకాణాల్లో రెండు మూడు రకాలకు మించి దొరకని రోజుల్లో ఆ నమ్మకానికి గట్టి ఆధారమే ఉండేది. ఇప్పుడు ఆ ఆధారం చాలావరకు పోయినా నమ్మకం మాత్రం అలాగే నిలిచి ఉంది. అది నిలవడానికి ముఖ్య కారణం ల్యాప్‌టాప్‌లు కావు, సెల్‌ఫోన్లు. ఫోన్ల విషయంలో కనిపించే ధర తేడానే కంప్యూటర్లకూ వర్తిస్తుందని అందరూ అనుకుంటారు. కానీ ఈ రెండు వస్తువుల మీద పడే పన్నులు ఒకటి కావు.

ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలో 1996లో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందంలో భారత్ 1997లో చేరింది. ఆ ఒప్పందం ప్రకారం కంప్యూటర్ల దిగుమతిపై ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని దశలవారీగా సున్నాకు తెచ్చింది. కనుక ఈరోజు ఒక కంపెనీ తన ల్యాప్‌టాప్‌లను చైనా నుంచో వియత్నాం నుంచో తెచ్చి ఇక్కడ అమ్మితే దాని మీద పడేది ప్రధానంగా 18 శాతం జీఎస్టీ మాత్రమే. సెల్‌ఫోన్ల సంగతి వేరు. దేశీయ తయారీని ప్రోత్సహించేందుకు పూర్తిగా తయారైన ఫోన్లపై విధించిన సుంకం 20 శాతం వరకు వెళ్లి, 2024 జులై బడ్జెట్‌లో 15 శాతానికి తగ్గింది. దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ ఉంటుంది.

ఈ తేడా ఎంతటిదో ఒకే కంపెనీ, ఆపిల్ ధరల్లో చూడవచ్చు. 2024 సెప్టెంబరులో విడుదలైన ఐఫోన్ 16 ప్రో అప్పటి అమెరికా ధర 999 డాలర్లు, భారత్‌లో 1,19,900 రూపాయలు. 2025 మార్చిలో వచ్చిన, ఎం4 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ అప్పటి ప్రారంభ ధర కూడా అమెరికాలో 999 డాలర్లే, కానీ భారత్‌లో అది 99,900 రూపాయలు. అమెరికా దుకాణంలో ఒకే ధర పలికిన రెండు వస్తువులకు ఇక్కడ ఇరవై వేల రూపాయల తేడా ఉండేది. డాలరు 84 రూపాయల దగ్గర ఉన్న రోజుల్లో ఫోన్ అక్కడి నుంచి తెప్పించుకున్నవారు, అక్కడి పన్నును లెక్కించక ముందు, ముప్పై అయిదు వేలకు పైగా మిగిలిందని చెప్పుకున్నారంటే అందులో అతిశయోక్తి లేదు. అదే మనిషి అదే ఉత్సాహంతో ల్యాప్‌టాప్ తెప్పించుకుంటే మిగిలేది ఎంతో తక్కువ.

అమెరికాలో దుకాణంలో కనిపించే ధరలో పన్ను కలిసి ఉండదు, బిల్లు వేసేటప్పుడు అమ్మకపు పన్ను కలుపుతారు. అది రాష్ట్రాన్ని బట్టి, కొన్నిచోట్ల ఊరిని బట్టి మారుతుంది. తెలుగువారు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతంలో రాష్ట్ర పన్ను, స్థానిక పన్ను కలిపి 8.25 శాతం. న్యూజెర్సీలో 6.625 శాతం. డెలావేర్, ఒరెగాన్, న్యూ హాంప్‌షైర్, మోంటానా రాష్ట్రాల్లో రాష్ట్రస్థాయి అమ్మకపు పన్ను లేదు. పన్నుకు ముందు లక్ష రూపాయల విలువ చేసే యంత్రం రెండు దేశాల్లోనూ ఉందనుకుంటే, అది హైదరాబాద్‌లో 1,18,000, డాలస్‌లో 1,08,250, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో 1,06,625, డెలావేర్‌లో సరిగ్గా లక్ష రూపాయలకు వస్తుంది. అంటే పన్నుల వల్ల సహజంగా ఏర్పడే తేడా లక్ష రూపాయల వస్తువుపై పది వేలకు అటూ ఇటూ ఉంటుంది, డెలావేర్ వంటి చోట మాత్రమే పద్దెనిమిది వేలవుతుంది. అంతకు మించిన తేడా కనిపిస్తే దానికి కారణం కంపెనీ ధర నిర్ణయించిన తీరో, ఆ వారం నడుస్తున్న డిస్కౌంటో అయి ఉంటుంది.

కంపెనీలు ధర నిర్ణయించే తీరుకు ఒక సూత్రమంటూ లేదు. పైన చెప్పిన మ్యాక్‌బుక్ ఎయిర్‌నే తీసుకుంటే, 2025 మార్చిలో డాలరు 87 రూపాయల చొప్పున 999 డాలర్లు దాదాపు 86,900 రూపాయలు. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 1,02,500 దాటాలి. కానీ ఇక్కడ పెట్టిన ధర 99,900, అంటే జీఎస్టీ కలిపిన అమెరికా ధర కంటే తక్కువే. డాలస్‌లో పన్నుతో కలిపి అది సుమారు 94,100 పడేది కనుక తేడా ఆరు వేలకు లోపే. అదే కంపెనీ 2024 చివర్లో విడుదల చేసిన 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో సంగతి ఇలా లేదు. ఎం4 చిప్ ఉన్న మోడల్ అప్పట్లో అక్కడ 1,599 డాలర్లు, ఇక్కడ 1,69,900 రూపాయలు. డాలరు 84 చొప్పున డాలస్ పన్ను కలిపినా 1,45,400 మాత్రమే అవుతుంది కనుక తేడా ఇరవై నాలుగు వేలు దాటింది. దానికంటే ఖరీదైన ఎం4 ప్రో మోడల్ అక్కడ 1,999 డాలర్లు, ఇక్కడ 1,99,900. ఇందులో తేడా పద్దెనిమిది వేలే. ధర పెరిగే కొద్దీ ఆదా పెరుగుతుందన్న సాధారణ అంచనా ఇక్కడ తలకిందులైంది. ఒక మోడల్ విషయంలో పొరుగింటివారికి కలిసివచ్చిందని మరో మోడల్‌కు ఆర్డరు పెట్టించడం ఎందుకు పొరపాటో దీన్ని బట్టి అర్థమవుతుంది.

డబ్బు ఏ రూపంలో చెల్లిస్తారన్నది కూడా లెక్కలోకి రావాలి. అక్కడ ఉద్యోగం చేస్తున్న బంధువు తన డాలర్లతో కొని ఇక్కడ రూపాయల్లో తీసుకుంటే మారకపు ఖర్చు ఉండదు. పర్యటనకు వెళ్లినవారు భారతీయ క్రెడిట్ కార్డుతో కొంటే చాలా కార్డులు 3.5 శాతం వరకు విదేశీ మారకపు రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి. రెండూ కలిపి 4.13 శాతం. మ్యాక్‌బుక్ ఎయిర్ ఉదాహరణలో మిగిలిన ఆరు వేలలో దాదాపు నాలుగు వేలు అక్కడికే సరి. ఇక్కడ దసరా, దీపావళి అమ్మకాల్లో బ్యాంకు కార్డులపై ఇచ్చే తగ్గింపులు, వడ్డీ లేని వాయిదాలు, పాత యంత్రం మార్పిడి వంటివి అమెరికా ధరతో పోల్చేటప్పుడు చాలామంది మరిచిపోతారు. మరోవైపు అక్కడి నవంబరు చివరి బ్లాక్ ఫ్రైడే అమ్మకాల్లో విండోస్ ల్యాప్‌టాప్‌లపై వచ్చే తగ్గింపులు నిజంగానే పెద్దవి. అసలు ధరను అసలు ధరతో, పండగ ధరను పండగ ధరతో పోల్చితేనే లెక్క న్యాయంగా ఉంటుంది.

విండోస్ యంత్రాల్లో అసలు చిక్కు ఏమిటంటే, పోల్చడానికి రెండు దేశాల్లో ఒకే వస్తువు దొరకదు. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లో అక్కడ ఒక రకం తెర, ఇక్కడ మరో రకం తెర ఉండవచ్చు. మెమరీ మదర్‌బోర్డుకే అతికి ఉండి తరువాత పెంచుకోవడానికి వీల్లేకపోవచ్చు. ప్రాసెసర్ పేరులో చివరి అక్షరం మారితే వేగమే మారిపోతుంది. పెద్ద దుకాణాల కోసం కంపెనీలు ప్రత్యేకంగా తయారుచేసే మోడళ్లు అమెరికాలో మామూలు. వాటి మోడల్ నంబరు భారత్ జాబితాలో ఎక్కడా కనిపించదు. ఇంకొక సంగతి: ఇక్కడ ఇళ్లకు, విద్యార్థులకు అమ్మే విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటితో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ శాశ్వత లైసెన్సు కలిపి ఇస్తారు. అక్కడి యంత్రాల్లో సాధారణంగా కొద్దికాలపు ఉచిత వాడకమే ఉంటుంది. ఆఫీస్ ఎలాగూ అవసరమైనవారు దాన్ని విడిగా కొనాల్సివస్తే మిగిలిందనుకున్న మొత్తంలో పెద్ద భాగం అందుకే పోతుంది.

కస్టమ్స్ విషయంలో మాత్రం ఉండవలసినదానికంటే భయం ఎక్కువగా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఎవరైనా తనతో ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఇది సాధారణ ఉచిత పరిమితికి అదనం. విదేశాల నుంచి తిరిగివచ్చే భారతీయులకు 2016 బ్యాగేజీ నిబంధనల్లో 50,000 రూపాయలుగా ఉన్న ఆ సాధారణ పరిమితిని 2026 ఫిబ్రవరిలో 75,000కు పెంచారు. ఫోను, టాబ్లెట్, వాచీ, చాక్లెట్లు అన్నీ ఆ పరిమితిలోకే రావాలి, ల్యాప్‌టాప్ మాత్రం దాని బయట ఉంటుంది. భార్యాభర్తలు ఇద్దరూ వస్తుంటే చెరొకటి తేవచ్చు, పిల్లల పేరున తేవడం కుదరదు. ఒకే మనిషి రెండు తెస్తే రెండోది సాధారణ పరిమితిలోకి వెళ్తుంది. 2016 నిబంధనల కాలంలో ఆ పరిమితి దాటిన విలువపై సర్‌ఛార్జితో కలిపి 38.5 శాతం సుంకం పడేది. ఈ నిబంధన తెలియక శంషాబాద్‌లో పట్టుకుంటారేమోనన్న భయంతో కొత్త ల్యాప్‌టాప్ పెట్టెను, బిల్లును అక్కడే పారేసి వచ్చేవారున్నారు. ఒక్క యంత్రమే తెస్తున్నప్పుడు ఆ దాపరికం అనవసరం, పైగా వారంటీ అడగవలసి వచ్చినప్పుడు కావలసినది ఆ బిల్లే.

2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ కేంద్రం ప్రకటన చేసినప్పుడు కూడా ప్రయాణికులు తెచ్చుకునే వాటిని దాని నుంచి మినహాయించారు. ఆ నిబంధనను మర్నాడే వాయిదా వేసి, ఆ తరువాత దిగుమతిదారులు ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకునే పద్ధతిగా మార్చారు. అది కంపెనీలకు సంబంధించిన విషయం. మనిషి వెంట కాకుండా కొరియర్‌లోనో పోస్టులోనో పంపించుకునే ల్యాప్‌టాప్‌కు మాత్రం బ్యాగేజీ మినహాయింపు వర్తించదు. బహుమతి అని రాసి పంపినా పన్ను తప్పదు, ఎందుకంటే 5,000 రూపాయల లోపు బహుమతులకు ఉండిన పాత మినహాయింపును కూడా 2019 డిసెంబరులోనే తీసేశారు. కొరియర్ ఖర్చు, పన్ను కలిపితే తెప్పించుకోవడంలో అర్థమే ఉండదు.

ధర, కస్టమ్స్ లెక్కలు ఒక పూటలో తేలిపోతాయి. మరమ్మతు సంగతి మాత్రం కొన్న మూడో ఏడాది వరకు వెంటాడుతుంది. నిర్ణయాన్ని నడిపించవలసినది అదేనన్నది ఈ వ్యాసం అభిప్రాయం.

వారంటీ ఒక కంపెనీకి ఒక రకంగా, ఒకే కంపెనీలో ఒక్కో శ్రేణికి ఒక్కో రకంగా ఉంటుంది. మ్యాక్‌బుక్‌లకు ఏడాది వారంటీ సాధారణంగా వేరే దేశంలోనూ చెల్లుతుంది. లెనోవో థింక్‌ప్యాడ్ వంటి వ్యాపార శ్రేణి యంత్రాలకు అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, కానీ అదే కంపెనీ తక్కువ ధర శ్రేణుల్లో చాలావాటి వారంటీ కొన్న దేశానికే పరిమితం. డెల్ యంత్రమైతే దాని సర్వీస్ ట్యాగ్‌ను, అంటే ఆ యంత్రపు గుర్తింపు సంఖ్య నమోదును, ఒక దేశం నుంచి మరో దేశానికి, ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు మార్పించుకోవాలి. ఈ పని యంత్రం చేతికి రాగానే చేయించుకున్నవారికి సులువు, చెడిపోయాక మొదలుపెట్టినవారికి తలనొప్పి. అంతర్జాతీయ వారంటీ అని కాగితం మీద ఉన్నా, ఆ మోడల్ భారత్‌లో అమ్మకానికి లేకపోతే విడిభాగం తెప్పించడానికి వారాలు పట్టవచ్చు. చదువుతోనో ఉద్యోగంతోనో ముడిపడిన యంత్రం మూడు వారాలు సర్వీస్ సెంటర్‌లో ఉండిపోతే, దాన్ని తెప్పించి మిగిల్చుకున్న పది వేలకు విలువ ఏముంటుంది?

సేవ అందించే పద్ధతిలోనూ తేడా ఉంది. ఇక్కడ అమ్మే డెల్, హెచ్‌పీ, లెనోవో ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇంటికే వచ్చి బాగుచేసే సేవ వారంటీలోనే కలిసి ఉంటుంది. అమెరికాలోని సాధారణ మోడళ్లలో చాలావాటికి యంత్రాన్ని పార్సిల్ చేసి కంపెనీకి పంపాలి. ఖమ్మంలోనో అనంతపురంలోనో ఉండే కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. వారంటీ కాలం కొన్న రోజు నుంచే మొదలవుతుంది కనుక, బ్లాక్ ఫ్రైడేకు కొని సంక్రాంతికి తెచ్చిన యంత్రానికి నెలన్నరకు పైగా వారంటీ పెట్టెలోనే గడిచిపోతుంది. అక్కడి దుకాణాలు ఇచ్చే పెద్ద సౌకర్యం, నచ్చకపోతే రెండు వారాల్లోనో అంతకంటే ఎక్కువ గడువులోనో తిరిగి ఇచ్చేయడం. యంత్రం విమానం ఎక్కాక అది కూడా పోతుంది. తెరలో ఒక చుక్క వెలగకపోయినా, కీబోర్డులో ఒక మీట సరిగా పడకపోయినా అక్కడే చూసుకోవాలి. తెచ్చేవారు పెట్టె తెరవకుండా భద్రంగా తేవడమే మర్యాద అనుకుంటారు కానీ, వారు చేయగల అసలు మేలు కొన్న రోజే పెట్టె విప్పి, రెండు మూడు రోజులు వాడి చూసి తేవడం.

వారంటీ ముగిశాక సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ వంటి కంప్యూటర్ మార్కెట్లే దిక్కు. అక్కడి పనివాళ్ల నైపుణ్యానికి వంకపెట్టలేం. ఛార్జింగ్ సర్క్యూట్‌లో కాలిపోయిన చిన్న భాగాన్ని వెతికి మార్చగలవారు అక్కడ ఉన్నారు. కానీ తెర, బ్యాటరీ, కీబోర్డు వంటివి మోడల్ నంబరును బట్టే దొరుకుతాయి. ఇక్కడ వేల సంఖ్యలో అమ్ముడైన మోడల్‌కు పాత యంత్రాల నుంచి తీసిన భాగాలైనా దొరుకుతాయి, అమెరికాలో ఒకే దుకాణం కోసం తయారైన మోడల్‌కు అవీ దొరకవు.

కరెంటు గురించి ఉన్న భయం మాత్రం ల్యాప్‌టాప్‌ల వరకు అక్కరలేదు. అమెరికాలో 120 వోల్టులు, ఇక్కడ 230 వోల్టులు అయినా, ల్యాప్‌టాప్ అడాప్టర్లు దాదాపు అన్నీ 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి. ఆ మాట అడాప్టర్ మీదే రాసి ఉంటుంది. గోడకు పెట్టే తీగను మాత్రం ఇక్కడి మూడు పిన్నుల తీగతో మార్చుకుంటే చాలు, చవక కన్వర్టర్ ముక్కలతో నెట్టుకురావడం మంచిది కాదు. కీబోర్డు కూడా సమస్య కాదు. ఇక్కడ అమ్మేవాటిలో ఎక్కువ భాగం అమెరికా అమరికలోనే ఉంటాయి, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది కనుక యంత్రం ఏ దేశంలో కొన్నారన్నది దానికి అడ్డు కాదు. డెస్క్‌టాప్ విషయంలో మాత్రం ఈ ధీమా పనికిరాదు. ల్యాప్‌టాప్ మినహాయింపు దానికి లేదు, బరువు ఎక్కువ, కొన్నిటి పవర్ సప్లైలో వోల్టేజీ మీటను చేత్తో మార్చాల్సి ఉంటుంది. దాన్ని ఇక్కడే కొనడం మేలు.

జీఎస్టీ నమోదు ఉన్న కొనుగోలుదారుకు ఈ లెక్క అంతా తిరగబడుతుంది. చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ, డిజైన్ స్టూడియో, ఆడిటర్ కార్యాలయం వంటివి తమ జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకుంటే, 1,18,000 పెట్టి కొన్న యంత్రంపై కట్టిన 18,000 రూపాయలను తాము చెల్లించవలసిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. వారికి ఆ ల్యాప్‌టాప్ లక్షకే పడింది, అంటే అమ్మకపు పన్ను లేని డెలావేర్ ధరకు. ఆ లక్షపై ఆదాయపు పన్ను లెక్కల్లో ఏటా 40 శాతం తరుగుదల కూడా చూపుకోవచ్చు. బంధువు సూట్‌కేసులో వచ్చిన యంత్రానికి ఇవేవీ సులువుగా కుదరవు. అయినా వ్యాపారం ఉన్నవారు కూడా అక్కడి నుంచి తెప్పించుకోవడం కనిపిస్తూనే ఉంటుంది.

గల్ఫ్ నుంచి తెప్పించుకునేవారు కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల్లో ఎక్కువ. యూఏఈలో వ్యాట్ 5 శాతమే, పర్యాటకులకు అందులోనూ చాలావరకు విమానాశ్రయంలో తిరిగి ఇస్తారు. పన్ను వరకే చూస్తే అది అమెరికా కంటే లాభసాటి, అయితే కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు కూడా ఉండవచ్చు. సింగపూర్‌లో 2024 నుంచి 9 శాతంగా ఉన్న పన్నును పర్యాటకులు రుసుము పోను తిరిగి పొందవచ్చు. బ్రిటన్‌లో 20 శాతం వ్యాట్ ఉండగా, దుకాణాల్లో కొన్న వస్తువులపై దాన్ని పర్యాటకులకు తిరిగి ఇచ్చే పద్ధతిని 2021 జనవరిలో ఆపేశారు కనుక లండన్ నుంచి తెప్పించడంలో లాభం లేదు. జర్మనీలో వై, జెడ్ మీటలు తారుమారుగా ఉంటాయి, జపాన్‌లో కీబోర్డు అమరికే వేరు.

చదువుకు అమెరికా వెళ్తున్న విద్యార్థి ప్రశ్న దీనికి ఎదురు దిశలో ఉంటుంది. జులై, ఆగస్టు నెలల్లో బయలుదేరే ముందు ఇక్కడే ల్యాప్‌టాప్ కొని ఇవ్వాలని తల్లిదండ్రులు తొందరపడతారు. విద్యారుణంలో కంప్యూటర్ ఖర్చును చేర్చుకునే వీలు ఉండటం కూడా అందుకు ఒక కారణం. దేశం దాటే వస్తువుపై కట్టిన జీఎస్టీని విమానాశ్రయంలో తిరిగి ఇచ్చే ఏర్పాటు చట్టంలో పర్యాటకుల కోసం రాసి ఉన్నా ఇంతవరకు అమలులోకి రాలేదు, ఎలాగూ అది విదేశీ పర్యాటకుల కోసమే. కనుక విద్యార్థి 18 శాతం పన్ను కట్టి, భారత్‌కే పరిమితమైన వారంటీతో మరో దేశంలో నాలుగు సెమిస్టర్లు గడపవలసి వస్తుంది. అక్కడ చదువుల సీజన్ మొదలయ్యే సరిగ్గా ఆ రోజుల్లోనే విద్యార్థులకు తగ్గింపు ధరలు ఉంటాయి, తిరిగి ఇచ్చే సౌకర్యమూ ఉంటుంది. పనిచేసే పాత యంత్రం ఒకటి ఉంటే దానితో వెళ్లి, కోర్సుకు ఏ స్థాయి యంత్రం కావాలో తెలిశాక అక్కడే కొనడం మంచి పద్ధతి. చేతిలో ఏదీ లేకుండా మొదటి వారం నుంచే క్లాసులకు సిద్ధం కావలసినవారు ఇక్కడ కొనక తప్పదనుకుంటే, అంతర్జాతీయ వారంటీ ఉన్న మోడల్‌కే పరిమితం కావాలి.

రెండేళ్లకు ఆ విద్యార్థి సెలవులకు వచ్చేటప్పుడు తన ల్యాప్‌టాప్‌తో పాటు నాన్న కోసం ఇంకొకటి తేవాలనుకుంటే మళ్లీ ఒక్కటే అన్న నిబంధన అడ్డొస్తుంది. రెండో యంత్రం సాధారణ పరిమితి లెక్కలోకి వెళ్లే అవకాశం ఉంటుంది కనుక, దాన్ని అదే విమానంలో వస్తున్న మరో పెద్దవారు తమ వస్తువుగా తెచ్చుకుంటే తప్ప, నాన్నగారి ల్యాప్‌టాప్‌ను ఊళ్లోని దుకాణంలో బిల్లుతో కొనడమే సుఖం.